బీపీ 110/84, నాలుగు గడియారాలు: ఒక స్ప్లీన్ కేస్, దాని వెనకాల మా చిన్న స్టడీ

ముందు కేస్ చెప్తా, తర్వాత ఆ కేస్ వల్ల మొదలైన స్టడీ సంగతి. పేషెంట్ రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే రాస్తున్నా. మనిషిని గుర్తుపట్టకుండా వయసు, టైమింగ్స్ కొద్దిగా అటూ ఇటూ జరిపాను, కానీ ఒక టైమ్‌కీ ఇంకో టైమ్‌కీ మధ్య తేడాలు మాత్రం ముట్టుకోలేదు, ఎందుకంటే నేను చెప్పాలనుకున్నదంతా ఆ తేడాల్లోనే ఉంది.

మాది కమ్యూనిటీ హాస్పిటల్. జనరల్ సర్జరీ, ఆర్థో, అనెస్థీషియా ఉన్నాయి కానీ రాత్రి పూట అందరం ఇంటి నుంచి ఆన్ కాల్. సీటీ ఉంది. ఇంటర్వెన్షనల్ రేడియాలజీ లేదు, అంటే స్ప్లీన్ (ప్లీహం) ఆర్టరీకి ఎంబోలైజేషన్ చేసి, అంటే రక్తనాళాన్ని లోపలి నుంచే మూసి, ఆపరేషన్ తప్పిద్దాం అనుకుంటే పేషెంట్‌ని పెద్ద సెంటర్‌కి పంపాల్సిందే. ప్యాక్డ్ సెల్స్ (ఎర్ర రక్తకణాలు) కొన్ని యూనిట్లు ఎప్పుడూ ఉంటాయి, ప్లాస్మా అయితే కరిగించే దాకా ఆగాలి, ప్లేట్‌లెట్స్ బయటి నుంచి రావాలి. చదివేవాళ్లలో చాలామంది పని చేసే చోటు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది కాబట్టే ఇవన్నీ ముందే చెప్తున్నా, పెద్ద ట్రామా సెంటర్ పేపర్లు చదివి మన దగ్గర అలాగే చేద్దాం అనుకుంటే మొదటి ఇబ్బంది ఇక్కడే వస్తుంది.

కేస్

ముప్పై నాలుగేళ్ల మగ మనిషి, టూ వీలర్ స్కిడ్ అయ్యి హ్యాండిల్ ఎడమ పక్కటెముకల కింద గట్టిగా గుద్దుకుంది. తెలిసినవాళ్ల బండిలో తీసుకొచ్చారు, స్ట్రెచర్ అవసరం లేదని తనే నడిచి లోపలికొచ్చాడు. మాట్లాడుతున్నాడు, జీసీఎస్ (స్పృహ కొలిచే స్కోర్) 15, అంటే పూర్తి స్పృహ, తల దెబ్బ లేదు, ఎడమ భుజం దగ్గర నొప్పి అంటున్నాడు. పల్స్ 118, బీపీ 110/84, రెస్పిరేటరీ రేట్ 24, సాచురేషన్ గాలి మీదే 97. కేస్ షీట్‌లో మొదటి లైన్ "హిమోడైనమికల్లీ స్టేబుల్", అంటే రక్తప్రసరణ నిలకడగా ఉంది, అని ఉంది.

ఆ లైన్ దగ్గర కాస్త ఆగుదాం. 110 చూసి స్టేబుల్ అని ఎవరైనా రాసేస్తారు, అది రాసినవాళ్లని తప్పుపట్టడానికి చెప్పట్లేదు. కానీ పల్స్‌ని సిస్టాలిక్‌తో, అంటే బీపీ పై అంకెతో, భాగిస్తే షాక్ ఇండెక్స్ 1.07 వస్తుంది. మామూలు మనిషికి అది 0.5 నుంచి 0.7 మధ్యలో ఉంటుంది, ఈ లెక్క 1967 నుంచి ఉంది, కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు, పల్స్ అంకె బీపీ పై అంకెని దాటిందా లేదా చూస్తే చాలు. రెండోది పల్స్ ప్రెషర్, 110కీ 84కీ తేడా 26 మాత్రమే. వయసులో ఉన్నవాళ్లకి రక్తం పోతుంటే రక్తనాళాలు బిగుసుకుంటాయి, దాంతో కింది అంకె పైకి లేస్తుంది, పై అంకె చాలాసేపు పడకుండా నిలబడుతుంది. డెబ్బై కిలోల మనిషికి 750 నుంచి 1500 ఎంఎల్ దాకా పోయినా, అంటే 15 నుంచి 30 శాతం, సిస్టాలిక్ నార్మల్‌గానే కనిపించొచ్చని ఏటీఎల్‌ఎస్ అనే ట్రామా కోర్సులో మనందరం చదువుకున్నదే. చదువుకోవడం వేరు, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్న మనిషిని చూసి అది గుర్తు రావడం వేరు. ఇక ఎడమ భుజం నొప్పి అంటే డయాఫ్రం కింద రక్తం చేరినప్పుడు వచ్చే నొప్పి, దానికి వేరే టెస్ట్ అక్కర్లేదు, అడిగితే పేషెంటే చెప్తాడు.

మొదటి ఫాస్ట్ స్కాన్, అంటే కడుపులో రక్తం ఉందేమో చూసే అల్ట్రాసౌండ్, డ్యూటీ డాక్టర్ చేశారు, నెగటివ్. ఫాస్ట్ నెగటివ్ వచ్చిందంటే రక్తం లేదని కాదు, ఆ నిమిషానికి కనిపించేంత రక్తం అక్కడ లేదని మాత్రమే, అందుకే రిపీట్ చేయాలి. నేను వచ్చి రెండోసారి పెట్టేసరికి స్ప్లీన్ చుట్టూ, లివర్‌కీ కిడ్నీకీ మధ్యలో కూడా నల్లటి గీత స్పష్టంగా ఉంది. అప్పటికి పల్స్ 134, బీపీ 84/60. ఎక్కువ రక్తం అవసరమవుతుందా అని అంచనా వేసే ఏబీసీ స్కోర్ చూస్తే సిస్టాలిక్ 90 లోపు ఒకటి, పల్స్ 120 పైన ఒకటి, ఫాస్ట్ పాజిటివ్ ఒకటి, మొత్తం మూడు. రెండు వస్తేనే మాసివ్ ట్రాన్స్‌ఫ్యూజన్‌కి, అంటే పెద్ద మొత్తంలో రక్తం ఎక్కించడానికి, రెడీ అవ్వమంటారు. సీటీ తీద్దామా అని ఒకరు అడిగారు, వద్దన్నాను. బీపీ 84 ఉన్నప్పుడు సీటీలో తెలిసేది గాయం గ్రేడ్ ఎంతో, కానీ ఆ గ్రేడ్ ఎంతైనా నేను చేయబోయే పని మారదు.

సలైన్ అర లీటర్ దాటనివ్వలేదు. ఇక్కడ చాలామంది 1994లో వచ్చిన బికెల్ పేపర్ చెప్తారు, 598 మంది పేషెంట్లు, ఓటీకి (ఆపరేషన్ థియేటర్‌కి) వెళ్లే దాకా ఫ్లూయిడ్స్ ఆపినవాళ్లలో 70 శాతం బతికారు, వెంటనే ఇచ్చినవాళ్లలో 62 శాతం. మంచి స్టడీ, కానీ అందులో ఉన్నవాళ్లందరికీ మొండెంలోకి దిగిన గాయాలు, అంటే తూటా, కత్తి దెబ్బలు. మా కేస్ బ్లంట్, అంటే లోపలికి ఏదీ దిగకుండా తగిలిన దెబ్బ. కాబట్టి ఆ అంకెల్ని తెచ్చి ఇక్కడ అతికించకూడదు, తల దెబ్బ లేదు కాబట్టి 80-90 దగ్గర సిస్టాలిక్ ఉంచి రక్తం మీద ఆధారపడ్డాం, అంతే. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము పది నిమిషాల్లో వెళ్లింది, ఇంకో గ్రాము 8 గంటల ఇన్‌ఫ్యూజన్ మొదలుపెట్టాం. క్రాస్ మ్యాచ్ చేయని ఓ గ్రూప్ యూనిట్లు రెండు, వెనకాలే గ్రూప్ స్పెసిఫిక్ యూనిట్లు, కాల్షియం, దుప్పట్లు, వార్మర్.

మిడ్‌లైన్ ల్యాపరాటమీ, అంటే కడుపు మధ్యలో నిలువుగా కోసి తెరవడం. తెరవగానే నాలుగు వైపులా ప్యాక్ చేసి అనెస్థీషియా వాళ్లకి కొంచెం టైమ్ ఇచ్చాం, రక్తం ఎక్కించుకోనిచ్చి తర్వాత ఒక్కొక్క ప్యాక్ తీశాం. కడుపులో దాదాపు రెండు లీటర్లు, స్ప్లీన్ హైలం (రక్తనాళాలు లోపలికి వెళ్లే చోటు) దగ్గర పూర్తిగా చీలిపోయింది, దాచుకోడానికి మిగిలిందేమీ లేదు, స్ప్లీనెక్టమీ, అంటే స్ప్లీన్ మొత్తం తీసేశాం. డయాఫ్రం బాగుంది, పేగులు మొత్తం చూశాం, బాగున్నాయి. పాంక్రియాస్ తోక దగ్గర కమిలినట్టు కనిపించింది కాబట్టి ఒక డ్రెయిన్ పెట్టాను, లేకపోతే స్ప్లీనెక్టమీ తర్వాత రొటీన్‌గా డ్రెయిన్ పెట్టే అలవాటు నాకు లేదు. ఉష్ణోగ్రత 35.1, బ్లీడింగ్ ఆగింది, పేగు గాయం లేదు, కాబట్టి ఓపెన్‌గా వదిలేయకుండా క్లోజ్ చేసేశాం.

తర్వాత జరిగినదాంట్లో పెద్ద విశేషాలేమీ లేవు. డ్రెయిన్ ద్రవంలో అమైలేజ్ (పాంక్రియాస్ ఎంజైమ్) నార్మల్, తీసేశాం. ఎడమ లంగ్ కింద కొంచెం కొలాప్స్, పక్కటెముకల నొప్పికి బ్లాక్ ఇచ్చి ఫిజియోథెరపీ చేయిస్తే తెరుచుకుంది. ప్లేట్‌లెట్స్ పెరిగాయి, స్ప్లీన్ తీసేశాక మామూలే. డిశ్చార్జ్ అప్పుడు వాళ్ల అన్న అడిగాడు, "డాక్టర్ గారూ, మా తమ్ముడికి ఆ పార్ట్ లేకపోతే జీవితాంతం మందులేనా?" అని. మందుల కంటే ముందు జ్వరం గురించి చెప్పాను, జ్వరం వస్తే మర్నాడు చూద్దాం అనుకోకుండా ఆ పూటే హాస్పిటల్‌కి రావాలని, స్ప్లీన్ లేదని ప్రతి డాక్టర్‌కీ చెప్పాలని. న్యుమోకోకల్, మెనింగోకోకల్, హిబ్ వ్యాక్సిన్లు ఆపరేషన్ అయిన 14 రోజులకి పెట్టించాం.

ఇంతవరకూ ఇది ఏ హాస్పిటల్‌లోనైనా జరిగే కేస్. స్టడీ మొదలైంది తర్వాత పెట్టిన మోర్టాలిటీ అండ్ మార్బిడిటీ మీటింగ్‌లో, అంటే మరణాలు, కాంప్లికేషన్ల మీద మాలో మేం చర్చించుకునే మీటింగ్‌లో.

ఎంత టైమ్ పట్టింది అని అడిగితే

మీటింగ్‌లో అనెస్థీషియా ఆవిడ చాలా మామూలు ప్రశ్న వేశారు, "పేషెంట్ గేటు లోపలికి వచ్చినప్పటి నుంచి కోత పడే దాకా మనకి ఎంత పట్టింది?" అని. అందరం గంట అన్నాం. కాగితాలు తెప్పించి చూశాం. క్యాజువాల్టీ రిజిస్టర్‌లో రాక 9:40. కేస్ షీట్ మొదలైంది 9:55కి. బ్లడ్ బ్యాంక్‌లో శాంపిల్ అందింది 9:50కి, అంటే డాక్టర్ పేషెంట్‌ని చూడక ముందే రక్తం శాంపిల్ కింద ఫ్లోర్‌కి వెళ్లిపోయిందన్నమాట. ఓటీ రిజిస్టర్‌లో ఇన్సిషన్ 10:45, అనెస్థీషియా చార్ట్‌లో ఇండక్షన్ 10:50. ఈ లెక్కన మత్తు ఇవ్వడానికి ఐదు నిమిషాల ముందే నేను కడుపు కోశాను.

నవ్వుకున్నాం కానీ తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు, ఎందుకంటే పాత ట్రామా ల్యాపరాటమీ ఫైళ్లు కొన్ని తీసి చూస్తే ఇలాంటివే ఇంకా దొరికాయి. ఎవరూ అబద్ధం రాయలేదు. క్యాజువాల్టీ గోడ గడియారం ఒక టైమ్, ఓటీ గోడ గడియారం ఇంకో టైమ్, అనెస్థీషియా మానిటర్‌లో గడియారం కరెంట్ పోయి వచ్చినప్పుడల్లా తన ఇష్టం, బ్లడ్ బ్యాంక్ కంప్యూటర్ వేరే. నాలుగు డిపార్ట్‌మెంట్లు నాలుగు టైమ్ జోన్లలో పని చేస్తున్నట్టు లెక్క. ఇది కాక నిమిషాల్లో చివరి అంకె చూడండి, 40, 55, 50, 45, 50. నిజంగా గడియారం చూసి ఆ నిమిషానికే రాస్తే సున్నాతోనో ఐదుతోనో ముగిసేవి ఐదింట ఒకటి మాత్రమే ఉండాలి, పదింట్లో రెండు అంకెలే కదా. మా ఫైళ్లలో మాత్రం మిగతా అంకెలు వెతుక్కోవాల్సి వచ్చింది. అంటే ఈ టైమ్‌లన్నీ పని అయిపోయాక గుర్తు తెచ్చుకుని రాసినవే.

నిమిషాలకి ఇంత రాద్ధాంతం ఎందుకు అంటారా, ఎందుకంటే ఈ విషయంలో మనకున్న మంచి ఎవిడెన్స్ అంతా నిమిషాల మీదే ఉంది. 2010లో వచ్చిన క్రాష్-2 ట్రయల్‌లో 40 దేశాల్లో 274 హాస్పిటళ్ల నుంచి 20,211 మంది ఉన్నారు, ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చినవాళ్లలో మరణాలు 14.5 శాతం, ప్లాసిబో (మందు లేని డమ్మీ) వాళ్లలో 16.0. తర్వాత ఆ డేటానే టైమ్ ప్రకారం విడగొట్టి చూస్తే గంట లోపు ఇచ్చినవాళ్లలో బ్లీడింగ్ వల్ల చనిపోయినవాళ్లు 5.3 శాతం, ప్లాసిబోలో 7.7. మూడు గంటలు దాటాక ఇస్తే అది తిరగబడింది, 4.4 వర్సెస్ 3.1, అంటే మందు వల్ల నష్టమే. 2018లో నలభై వేల మందికి పైగా పేషెంట్ల డేటా కలిపి చూసినప్పుడు, మూడు గంటల లోపల కూడా ప్రతి 15 నిమిషాల ఆలస్యానికి లాభం సుమారు 10 శాతం చొప్పున తగ్గుతూ పోయింది. ఇంకోటి, 2002లో క్లార్క్ వాళ్ల స్టడీ, కడుపులో రక్తస్రావంతో బీపీ పడిపోయిన 243 మంది, ఎమర్జెన్సీలో గడిపే ప్రతి మూడు నిమిషాలకి చనిపోయే అవకాశం దాదాపు ఒక శాతం పెరిగింది. ఇలా మూడు నిమిషాలు, 15 నిమిషాలు లెక్కలోకి వచ్చే చోట మన రిజిస్టర్లలో తప్పే పది పదిహేను నిమిషాలు ఉంటే ఆ డేటాతో ఏ ప్రశ్నకి జవాబు వస్తుంది?

ఏం స్టడీ చేయాలి

మా జూనియర్లు ఉత్సాహంగా ఉన్నారు, ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చినవాళ్లు, ఇవ్వనివాళ్లు, మరణాలు కంపేర్ చేద్దాం అన్నారు. బోర్డు మీద లెక్క వేసి చూపించాను. క్రాష్-2లో వచ్చిన తేడానే, 16 నుంచి 14.5కి తగ్గడం, మనం 80 శాతం పవర్‌తో, అంటే తేడా నిజంగా ఉంటే పదింట ఎనిమిదిసార్లు దొరికేలా, పట్టుకోవాలంటే ఒక్కో గ్రూప్‌కి దాదాపు 9 వేల మంది కావాలి. మన హాస్పిటల్‌కి అంతమంది రావాలంటే మనందరం రిటైర్ అయ్యి మన పిల్లలు కూడా ఇక్కడే సర్జన్లుగా రిటైర్ అవ్వాలి. అంతకంటే చిన్న నంబర్లతో చేసి "తేడా కనిపించలేదు" అని రాస్తే చదివినవాళ్లు మందు పని చేయదనుకుంటారు, అసలు తేడాని చూసే శక్తి ఆ స్టడీకి లేదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. మా లాంటి చోట మరణాల మీద స్టడీ పెట్టుకోవడం వృథా అని నా గట్టి అభిప్రాయం, దీని మీద నాతో గొడవ పడేవాళ్లు ఉన్నారు, పడనివ్వండి.

మనం నిజాయితీగా కొలవగలిగింది ఒకటే, ఆలస్యం ఎక్కడ జరుగుతోంది అన్నది. ప్రతి ట్రామా పేషెంట్‌కీ అది ఉంటుంది, బతికినా చనిపోయినా ఉంటుంది, కాబట్టి వంద కేసులతో కూడా ఏదో ఒకటి తెలుస్తుంది. ఎథిక్స్ కమిటీకి పెట్టాం, పాత ఫైళ్లు చూసే భాగానికి పేషెంట్ కన్సెంట్ మినహాయింపు ఇచ్చారు, కొత్తగా టైమ్‌లు రాసుకునే భాగానికి కూడా ట్రీట్‌మెంట్‌లో ఏమీ మారదు కాబట్టి అభ్యంతరం లేదన్నారు. మేం చేసేది ఆడిట్టే కదా కమిటీ దేనికి అనేవాళ్లకి నా మాట, తర్వాత బయటికి రాసే ఉద్దేశం ఏమాత్రం ఉన్నా ముందే వెళ్లండి, అయిపోయాక వెనక తేదీతో పర్మిషన్ ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

గడియారాలు సరిచేయడమే మొదటి పని. ఫోన్ నెట్‌వర్క్ టైమ్‌ని ఆధారంగా పెట్టుకుని అన్నీ సెట్ చేశాం, మళ్లీ జారిపోతాయి కాబట్టి ప్రతి సోమవారం ఒక సిస్టర్ నాలుగు చోట్లకీ తిరిగి ఏది ఎన్ని నిమిషాలు ముందుందో వెనకుందో ఒక నోట్‌బుక్‌లో రాస్తారు. ఈ నోట్‌బుక్ ఉంటే తర్వాతైనా లెక్క సరిచేసుకోవచ్చు, అసలు అది లేకుండా టైమ్ మీద స్టడీ చేశాం అనే పేపర్ చూస్తే నాకు ఇప్పుడు వెంటనే అనుమానం వస్తుంది.

రెండోది నిర్వచనాలు, ఇక్కడ మేం ఊహించిన దానికంటే చాలా ఎక్కువ టైమ్ పోయింది. "రాక" అంటే ఏంటి? గేటు దాటడమా, రిజిస్ట్రేషన్ స్లిప్ ప్రింట్ అవ్వడమా, మొదటి పల్స్ చూడటమా? సీరియస్ పేషెంట్‌కి స్లిప్ ఆలస్యంగా ప్రింట్ అవుతుంది, ముందు లోపలికి తోసేస్తారు, తర్వాత అటెండెంట్ వెళ్లి తెచ్చుకుంటాడు. అంటే స్లిప్ టైమ్‌ని రాకగా తీసుకుంటే ఎంత సీరియస్ అయితే అంత తొందరగా ట్రీట్ చేసినట్టు కాగితం మీద వస్తుంది. అందుకే క్యాజువాల్టీ ట్రాలీ మీద పడుకోబెట్టిన టైమ్ పెట్టుకున్నాం. "డెసిషన్" అంటే ఆపరేషన్ చేయాలని సర్జన్ నోటితో అన్న టైమ్, రాసిన టైమ్ కాదు. రక్తానికి మూడు టైమ్‌లు, అడిగింది, శాంపిల్ బ్లడ్ బ్యాంక్‌లో అందింది, మొదటి యూనిట్ స్టాండ్‌కి తగిలించింది.

సీనియర్ సిస్టర్ ఒకావిడ మొహం మీదే అడిగారు, "సార్, పేషెంట్‌ని చూసుకోవాలా, మీ టైమ్‌లు రాసుకోవాలా?" అని. న్యాయమైన మాట. పేషెంట్ మీద చెయ్యి వేసే ఎవరూ టైమ్ రాయకూడదని రూల్ పెట్టేశాం. రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో రాత్రి డ్యూటీ క్లర్క్ ఆ పేజీ పట్టుకుని నిలబడతాడు, ఎవరైనా గట్టిగా అరిస్తే ఆ నిమిషం రాస్తాడు. క్లర్క్ లేని టైమ్‌కి హాస్పిటల్ ఫోన్‌తో ప్రతి ఘట్టంలో ఒక ఫొటో, మానిటర్ స్క్రీన్‌దో బ్లడ్ బ్యాగ్ లేబుల్‌దో, పేషెంట్ మొహం రాకుండా. ఫొటోలో టైమ్ దానంతట అదే పడుతుంది, సున్నాకీ ఐదుకీ రౌండ్ చేయదు. సొంత ఫోన్లు వాడకూడదు, దీని మీద మాత్రం మొహమాటం లేదు.

డేటా వచ్చాక ఇంకో తిరకాసు

కొన్ని నెలల డేటా చేతికొచ్చాక జూనియర్ ఒకరు గాభరాగా వచ్చారు. ఓటీకి తొందరగా వెళ్లినవాళ్లలోనే ఎక్కువమంది చనిపోయారట, ఆలస్యంగా వెళ్లినవాళ్లు బాగానే ఉన్నారట. "సార్, మన స్టడీ రివర్స్ వచ్చింది" అన్నారు. రివర్స్ ఏమీ రాలేదు. బీపీ 60 ఉన్న మనిషిని అందరం పరిగెత్తించి ఓటీకి తీసుకెళ్తాం, 110 ఉన్న మనిషికి సీటీ తీసి, బంధువులతో మాట్లాడి, నింపాదిగా వెళ్తాం. తొందరగా వెళ్లడం వల్ల చనిపోలేదు, చనిపోయేంత సీరియస్ కాబట్టి తొందరగా వెళ్లారు. అందుకే క్లార్క్ వాళ్లు కూడా బీపీ పడిపోయినవాళ్లని మాత్రమే తీసుకుని, బీపీ ఎంత పడిందో కూడా లెక్కలో పెట్టారు. మేం కూడా రాగానే షాక్ ఇండెక్స్ ఎంత అనేదాన్ని బట్టి గ్రూపులు చేసి, ఆ గ్రూప్ లోపల మాత్రమే పోల్చుకున్నాం.

దీనికి చుట్టం లాంటిది ఇంకోటి ఉంది, అది పెద్దవాళ్లని కూడా ఇబ్బంది పెట్టింది. 2007లో ఒక మిలిటరీ హాస్పిటల్ డేటా వచ్చింది, మాసివ్ ట్రాన్స్‌ఫ్యూజన్ అవసరమైన 246 మందిలో ప్లాస్మా తక్కువ నిష్పత్తిలో అందినవాళ్లలో మరణాలు 65 శాతం, ఎక్కువ నిష్పత్తిలో అందినవాళ్లలో 19 శాతం. చూస్తే ప్లాస్మా అమృతం లాగుంది. కానీ ప్లాస్మా కరగడానికి టైమ్ పడుతుంది కదా, ఈలోపు చనిపోయినవాళ్లకి అది అందదు, వాళ్లు సహజంగానే "తక్కువ ప్లాస్మా" గ్రూప్‌లో పడతారు. 2009లో స్నైడర్ వాళ్లు సరిగ్గా ఈ అనుమానమే లేవనెత్తారు, బతికినందుకు ప్లాస్మా అందిందా, ప్లాస్మా అందినందుకు బతికారా అని. 2015లో ప్రాపర్ (PROPPR) అనే ట్రయల్ 680 మందిని రాండమైజ్ చేసి, అంటే లాటరీ పద్ధతిలో రెండు గ్రూపులుగా విడగొట్టి, చూస్తే ప్లాస్మా, ప్లేట్‌లెట్స్, ఎర్రకణాలు 1:1:1 నిష్పత్తిలో ఇచ్చిన గ్రూప్‌లో 30 రోజుల మరణాలు 22.4 శాతం, 1:1:2లో 26.1, ఆ తేడా స్టాటిస్టికల్‌గా నిలబడలేదు, మొదటి 24 గంటల్లో రక్తం పోయి చనిపోవడం మాత్రం తగ్గింది, 14.6 నుంచి 9.2కి. లాభం ఉంది కానీ 65 వర్సెస్ 19 అంత కాదు. ప్లాస్మా కరిగించుకోవాల్సిన మా లాంటి హాస్పిటల్ రెట్రోస్పెక్టివ్ (పాత ఫైళ్ల) డేటాతో ప్లాస్మా నిష్పత్తి మీద పేపర్ రాస్తే ఆ బయాస్ ఇంకా ఎక్కువ ఉంటుంది, కాబట్టి ఆ టాపిక్ జోలికే పోలేదు.

ఇక దొరికిందేంటంటే, ఆలస్యం అనగానే అందరి వేళ్లూ ఇంటి నుంచి రావాల్సిన సర్జన్ వైపు, అనెస్థీషియా వైపు చూపించేవి. మేం వచ్చే టైమ్ కూడా లెక్కలో ఉంది, కాదనను. కానీ చాలా కేసుల్లో అన్నిటికంటే పెద్ద గ్యాప్ వేరే చోట కనిపించింది, రక్తం కావాలని అడగడానికీ శాంపిల్ బ్లడ్ బ్యాంక్‌కి చేరడానికీ మధ్య. శాంపిల్ తీసేవాళ్లున్నారు, క్రాస్ మ్యాచ్ చేసేవాళ్లున్నారు, ఆ ట్యూబ్ పట్టుకుని రెండు ఫ్లోర్లు దిగి వెళ్లే పని మాత్రం ఎవరి డ్యూటీ లిస్ట్‌లోనూ లేదు. అటెండర్ ఖాళీగా ఉంటే వెళ్తాడు, లేకపోతే బంధువుల చేతికి ఇస్తారు, వాళ్లు బ్లడ్ బ్యాంక్ ఎక్కడుందో వెతుక్కుంటారు. రెండో గ్యాప్, ఆపరేషన్ అని సర్జన్ అన్నాక ఓటీకి ఫోన్ వెళ్లే దాకా. ఇది డాక్టర్ చేస్తారని సిస్టర్, సిస్టర్ చేస్తారని డాక్టర్.

రెండిటికీ డబ్బు అక్కర్లేదు. షాక్ ఇండెక్స్ 1 దాటితే సర్జన్ వచ్చి చూసే దాకా ఆగకుండా క్యాజువాల్టీ సిస్టరే ఓటీకీ, అనెస్థీషియాకీ, బ్లడ్ బ్యాంక్‌కీ ఫోన్ చేసేయొచ్చు, తర్వాత అవసరం లేదని తేలినా ఎవరూ ఆవిడని ఒక్క మాట అనకూడదు, ఇది రాసి గోడకి అంటించాం. శాంపిల్ తీసుకెళ్లేది రాత్రి సెక్యూరిటీ షిఫ్ట్‌లో ఫలానా పోస్ట్ మనిషి అని రోస్టర్‌లో పెట్టాం. మొదట్లో అనవసరపు కాల్స్ వచ్చాయి, భయంతో కొట్టుకునే పల్స్, నొప్పితో కొట్టుకునే పల్స్ కూడా 1 దాటిస్తాయి, పిల్లలకి ఈ కటాఫ్ పనికే రాదు, బీటా బ్లాకర్ (పల్స్ తగ్గించే బీపీ మందు) వాడే పెద్దవాళ్లలో అసలు పల్స్ లేవదు కాబట్టి వాళ్లు మిస్ అవుతారు. అనెస్థీషియా వాళ్లు రెండుసార్లు విసుక్కున్నారు, ఆ తర్వాత గోడ మీద కాగితం చదువుకుని ఊరుకున్నారు.

శాంపిల్ చేరే టైమ్ తగ్గింది, రన్ చార్ట్‌లో కంటికి కనిపించేంత. కానీ ఆ తగ్గింది సెక్యూరిటీ మనిషి వల్లా, పక్కన ఒకడు పేజీ పట్టుకుని టైమ్ రాస్తున్నాడని అందరూ చురుగ్గా కదిలినందువల్లా అనేది విడదీసి చెప్పలేను. గమనిస్తున్నారని తెలిస్తే మనుషులు మామూలు కంటే బాగా పని చేస్తారు. అందుకే క్లర్క్‌ని కొన్నాళ్లు తీసేసి, బ్లడ్ బ్యాంక్ కంప్యూటర్‌లో దానంతట అదే పడే టైమ్ మాత్రమే చూద్దాం అనుకుంటున్నాం, అప్పుడు కూడా నిలబడితే అది పద్ధతి వల్ల వచ్చిందే.

ఇంకా తీరని లోటు రెఫరల్స్ దగ్గరుంది. మా అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉండేది మేం ఉంచుకున్న పేషెంట్లు మాత్రమే. క్యాజువాల్టీ నుంచే పెద్ద సెంటర్‌కి పంపినవాళ్లు అందులో ఉండరు, దారిలో చనిపోయినవాళ్లు అసలే ఉండరు, వచ్చేసరికే ప్రాణం లేనివాళ్లు వేరే పుస్తకంలో ఉంటారు. ఈ కేస్ పేషెంట్‌కి మొదట్లో 110/84 ఉన్నప్పుడు ఎంబోలైజేషన్ కోసం పంపేసి ఉంటే అతను కూడా మా డేటాలో కనిపించేవాడు కాదు, అతనికి ఏమైనా మా రిజల్ట్స్ మాత్రం శుభ్రంగా ఉండేవి. అందుకని ఇప్పుడు రెఫరల్ స్లిప్‌కి కార్బన్ కాపీ పెట్టాం, అందులో పంపేటప్పటి షాక్ ఇండెక్స్, ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చిన టైమ్, అటెండెంట్ ఒప్పుకుంటే ఫోన్ నంబర్ ఉంటాయి. 30వ రోజు మా సోషల్ వర్కర్ ఫోన్ చేసి పేషెంట్ ఎలా ఉన్నాడని అడుగుతారు. పెద్ద సెంటర్ల నుంచి డిశ్చార్జ్ సమ్మరీ రావడం అరుదు, అటెండెంట్లే ఎక్కువ చెప్తున్నారు. ఫోన్ ఎత్తనివాళ్లని ఏ కాలమ్‌లో వేయాలి అన్నది ఇంకా తేలలేదు. వాళ్లని వదిలేసి లెక్క కడితే మళ్లీ బతికినవాళ్ల వైపే మొగ్గుతుందని స్టాటిస్టిషియన్ అంటున్నారు, అందుకే ఫోన్ ఎత్తనివాళ్లందరూ చనిపోయారనుకుని ఒకసారి, అందరూ బతికారనుకుని ఒకసారి, రెండు రకాలుగా లెక్క వేయిస్తున్నాం.